డి డ్రైవ్‌ని నమ్ముకోకు, బుజ్జీ

చిరంజీవి బుజ్జికి, పెదనాన్న ఆశీస్సులు.

మన పెళ్లికార్డుల కొట్టులో ల్యాప్‌టాప్‌ని విండోస్ 10 నుంచి 11కి మార్చేస్తానన్నావు. మార్చు. 10కి మామూలు సపోర్ట్ 2025 అక్టోబర్ 14తోనే అయిపోయింది, 11కి వెళ్లడానికి డబ్బులూ కట్టక్కర్లేదు. కానీ "ఫైళ్లన్నీ డి లో ఉన్నాయిలే పెదనాన్నా" అన్నావు చూడు, ఆ మాటకే నాకు టెన్షన్ పట్టుకుంది.

సి, డి అని రెండు పేర్లు కనపడతాయి గానీ చాలా ల్యాప్‌టాప్‌లలో లోపలుండేది ఒకటే డిస్క్. ఒకే గదికి మధ్యలో చీర అడ్డం కట్టినట్టు. నేనూ నీలాగే అనుకున్నవాణ్ణే. ఒకసారి సిస్టమ్ మొరాయిస్తే దాంతోపాటు వచ్చిన రికవరీ నొక్కాను. కొన్నరోజు ఎలా ఉందో అలా తయారైంది, డి తో సహా! రెండు మాఘమాసాల పెళ్లికార్డులు పోయాయి. ఆ రాత్రి నేను అన్నం ముట్టలేదని మీ పెద్దమ్మ ఇప్పటికీ దెప్పుతుంది.

అందుకని ముందు బయటి హార్డ్ డిస్క్‌లోకి కాపీ చెయ్యి. దాన్ని పీకి, ఇంకో కంప్యూటర్‌కి పెట్టి, ఒక పాత కార్డు తెరిచి చూడు. కార్డుల్లో తెలుగు అక్షరాలకి వాడే 'అను' ఫాంట్లు కూడా విడిగా కాపీ చేసుకో. ఫైలుండి ఫాంటు లేకపోతే 'శ్రీరస్తు శుభమస్తు' ఉండాల్సిన చోట ఏవో ఇంగ్లీషు అక్షరాలు, గుర్తులు కనపడతాయి. కార్డులు తయారుచేసే పేజ్‌మేకర్ లాంటి ప్రోగ్రాములు ఫోల్డర్ కాపీ చేస్తే పనిచెయ్యవు, వాటి సీడీలు ఎక్కడున్నాయో వెతికి పెట్టుకో.

తర్వాత 16 జీబీ గానీ అంతకంటే పెద్దది గానీ పెన్‌డ్రైవ్ తీసుకుని రికవరీ డ్రైవ్ చేసుకో. అందులో ఉన్నవన్నీ చెరిగిపోతాయి, అక్కర్లేనిదే వాడు. అది విండోస్‌ని వెనక్కి తెస్తుంది గానీ నీ ఫైళ్లని కాదు. విండోస్ అసలుదేనని చూపించే ప్రోడక్ట్ కీ కోసం స్టిక్కర్లు వెతకొద్దు. విండోస్ 10తో వచ్చిన ల్యాప్‌టాప్‌కి అది మామూలుగా మదర్‌బోర్డులోనే ఉంటుంది.

డివైస్ ఎన్‌క్రిప్షన్, అంటే డిస్క్‌లో ఉన్నదానికి తాళం వేసేది, ఆన్‌లో ఉందేమో చూడు. ఉంటే ఆ తాళం తీసే 48 అంకెల రికవరీ కీ కాగితం మీద రాసి గ్యాస్ బుక్‌లో పెట్టు. ల్యాప్‌టాప్‌లోనే సేవ్ చేస్తే బీరువా తాళం బీరువాలో పెట్టినట్టే.

మైక్రోసాఫ్ట్ వాళ్ల పీసీ హెల్త్ చెక్ అనే ప్రోగ్రామ్ నడిపితే నీ మిషన్ 11కి పనికొస్తుందో లేదో చెబుతుంది. టీపీఎం అనే సెక్యూరిటీ చిప్ లేదంటే కంగారుపడకు, చాలాసార్లు బయోస్‌లో, అంటే విండోస్ మొదలవకముందు తెరిచే సెట్టింగుల్లో, ఆఫ్ అయి ఉంటుందంతే. ప్రాసెసరే పాతదైతే మాత్రం అడ్డదారుల్లో ఎక్కించకు.

ఛార్జర్ పెట్టే ఉంచి మొదలుపెట్టు. అయ్యాక మొదటిరోజే ప్రింటర్‌లో ఒక కార్డు తీసి చూసుకో. నచ్చకపోతే పది రోజుల్లోపు 10కి వెనక్కి వెళ్లొచ్చు. ఈలోగా ఖాళీ కోసమని పాత విండోస్ ఫైళ్లు తీసేశావో, ఆ దారి మూసుకుపోతుంది. ముహూర్తాల సీజన్లో మాత్రం దీని జోలికి వెళ్లకు.

హార్డ్ డిస్క్ కొట్టులో కాదు, ఇంట్లో ఉంచు. కొనక్కర్లేదు, నా దగ్గర ఒకటి ఖాళీగా పడి ఉంది. ఆదివారం మీ అన్నయ్య వస్తున్నాడుగా, వాడి చేతికిచ్చి పంపిస్తాను.

పెదనాన్న