ప్యాకర్స్ అంటే సామాన్లు సర్దేవాళ్ళు కాదు

మిల్వాకీ వచ్చి రెండు నెలలైన తమ్ముడొకడు మొన్న అడిగాడు. "అక్కా, సోమవారం ఆఫీసుకెళ్తే అందరూ ప్యాకర్స్ ప్యాకర్స్ అంటున్నారు, నాకు ఒక్క ముక్క అర్థం కావట్లేదు, మీటింగులో మొదటి పది నిమిషాలు గోడ చూస్తూ కూర్చుంటున్నా. ఈ ఆట నేర్చుకుని తీరాలా? యూట్యూబ్‌లో రూల్స్ చూస్తే తల తిరిగింది."

నాకు నవ్వొచ్చింది. వాళ్ళు చెప్పేది గ్రీన్ బే ప్యాకర్స్ గురించి, ఇక్కడి అమెరికన్ ఫుట్‌బాల్ జట్టు. మా అమ్మ మొదటిసారి ఇక్కడికొచ్చినప్పుడు పక్కింటి వాకిట్లో ఆ పేరున్న జెండా చూసి "పాపం వీళ్ళు ఇల్లు ఖాళీ చేస్తున్నారా ఏంటే?" అంది. ఆమెకి తెలిసిన ప్యాకర్స్ వేరు, హైదరాబాద్‌లో అట్టపెట్టెలు పట్టుకొచ్చేవాళ్ళు.

తమ్ముడికి చెప్పిందే ఇక్కడా చెప్తున్నా, విస్కాన్సిన్‌కి కొత్తగా వచ్చినవాళ్ళు ఎవరైనా పనికొస్తుందేమో చూసుకోండి. రూల్స్ తర్వాత, ముందు ఆ జట్టు కథ తెలుసుకోండి. కథ తెలియకపోతే ఇదీ మన ఐపీఎల్ లాంటిదే, ఎవరో డబ్బున్నాయన జట్టు కొనుక్కుని ఆడిస్తున్నాడు అనుకుంటారు. ఇక్కడే తప్పులో కాలేస్తాం. ఈ జట్టుకి యజమాని లేడు.

1919 ఆగస్టులో గ్రీన్ బే అనే చిన్న ఊళ్ళో కర్లీ లాంబో అనే కుర్రాడు, జార్జ్ కాల్హూన్ అనే విలేఖరి కలిసి, ఊరి పత్రిక ఆఫీసులో కూర్చుని జట్టు కట్టారు. లాంబో అప్పుడు ఇండియన్ ప్యాకింగ్ కంపెనీలో పనిచేసేవాడు, మాంసం డబ్బాల్లో పెట్టి అమ్మే కంపెనీ అది (ఇండియన్ అన్నారని మనకేదో చుట్టరికం ఉందనుకోకండి). బట్టలకీ సామాన్లకీ 500 డాలర్లు ఆ కంపెనీయే ఇచ్చింది, అందుకే ఈ పేరు. కంపెనీ కొన్నాళ్ళకే పోయింది. పేరు మాత్రం వందేళ్ళు దాటినా అలాగే ఉంది.

1921లో లీగులో చేరారు, ఇప్పుడు ఎన్‌ఎఫ్‌ఎల్ అంటున్న ఫుట్‌బాల్ లీగు అదే. చేరిన ఏడాదే కాలేజీ కుర్రాళ్ళని దొంగ పేర్లతో ఆడించి దొరికిపోయారు, లీగువాళ్ళు బయటికి పంపేశారు. లాంబో మళ్ళీ డబ్బు కట్టి జట్టుని వెనక్కి తెచ్చుకున్నాడు. ఇక అప్పుల గొడవ. 1922లో ఒక మ్యాచ్‌కి వాన వస్తుందేమోనని బీమా చేయించుకున్నారు, వాన వచ్చింది, జనం రాలేదు, తీరా బీమావాళ్ళు కొలిచి అంగుళంలో నూరో వంతు తక్కువ పడింది, డబ్బు ఇవ్వం అన్నారు. మనం ఇక్కడ హెల్త్ ఇన్సూరెన్స్‌తో పడే పాట్లు ఈ దేశానికి కొత్తవి కావని అప్పుడు అర్థమైంది నాకు.

జట్టు మునిగిపోయేలా ఉంటే 1923లో ఊళ్ళోవాళ్ళే తలా 5 డాలర్లు పెట్టి వాటాలు కొన్నారు. శ్రీరామనవమి పందిరికి ఇంటింటా చందా వేసినట్టే అనుకోండి. అప్పటినుంచి ఇప్పటిదాకా అది లాభం పంచుకోని సంస్థగానే నడుస్తోంది. డబ్బు అవసరమైనప్పుడల్లా మళ్ళీ వాటాలు అమ్మారు, 1935, 1950, 1997, 2011, 2021లో. ఇప్పుడు 5 లక్షలకు పైగా మనుషుల దగ్గర ఆ కాగితాలున్నాయి, ఒక్కరే 2 లక్షల వాటాలకు మించి కొనడానికి లేదు. తర్వాత లీగు ఇలాంటి ఏర్పాటు ఇంకే జట్టుకీ కుదరదని నిబంధన పెట్టుకుంది, పాతది కాబట్టి దీన్ని మాత్రం ముట్టుకోలేదు.

ఆ రోజుల్లో లీగులో ఇలాంటి చిన్న ఊళ్ళు చాలా ఉండేవి. డికేటర్ జట్టు షికాగో వెళ్ళి బేర్స్ అయింది, పోర్ట్స్‌మౌత్ జట్టు డెట్రాయిట్ వెళ్ళి లయన్స్ అయింది, మిగతావి కొట్టుకుపోయాయి. గ్రీన్ బే ఒక్కటే మిగిలింది. ఊరి జనాభా లక్షా చిల్లర, ఇంచుమించు మన తాడేపల్లిగూడెం అంత. స్టేడియంలో సీట్లు 81 వేలు! అమ్ముకోవడానికీ, పెద్ద ఊరికి తరలించడానికీ ఎవరి చేతిలోనూ లేదు కాబట్టే అది ఇంకా అక్కడుంది.

మా ఆయన 2011లో ఒక వాటా కొన్నారు, 250 డాలర్లు. నేను అడిగినవన్నీ మీరూ అడుగుతారు. డివిడెండ్ వస్తుందా? రాదు. రేటు పెరిగాక అమ్ముకోవచ్చా? కుదరదు, ఇంట్లోవాళ్ళకి రాసివ్వచ్చు అంతే. పోనీ టికెట్ త్వరగా దొరుకుతుందా? అదీ లేదు. "మరి ఎందుకండీ, ఆ డబ్బుతో చిట్టీ కట్టినా నయం కదా" అన్నాను. ఆయన నవ్వి ఫ్రేము కట్టించి హాల్లో పెట్టారు. మళ్ళీ ఎప్పుడైనా అమ్మకానికి పెడితే మీకూ ఫోన్లు వస్తాయి, పెట్టుబడి అని మాత్రం కొనకండి, చందా అనుకుంటేనే కొనండి. ఒక్క లాభం చెప్పాలంటే జూలైలో స్టేడియంలోనే వాటాదారుల మీటింగ్ పెడతారు, దానికి వెళ్ళొచ్చు.

ఇక గొప్పలు. మొత్తం 13 సార్లు ఛాంపియన్లు, లీగులో ఇంకెవరికీ అన్ని లేవు. 1929, 30, 31 వరసగా గెలిచారు. 1958లో అదే జట్టు ఏడాదంతా ఒక్కటంటే ఒక్క మ్యాచ్ గెలిచింది. మరుసటి ఏడాది విన్స్ లొంబార్డీ కోచ్‌గా వచ్చాడు, తొమ్మిదేళ్ళున్నాడు, అందులో 5 సార్లు కప్పు తెచ్చాడు, మొదటి రెండు సూపర్ బౌల్స్ (ఏడాది చివర ఆడే ఆఖరి పెద్ద మ్యాచ్) కూడా అందులోవే. ఇప్పుడు సూపర్ బౌల్ గెలిస్తే ఇచ్చే కప్పు పేరు లొంబార్డీ ట్రోఫీ. ఇది మాత్రం గుర్తుపెట్టుకోండి, ఆఫీసులో ఎవరో ఒకరు ఏడాదికోసారైనా అంటారు, "ఆ కప్పు మీద మా పేరే ఉంది" అని.

ఇక్కడ పెద్దవాళ్ళెవరితోనైనా మాట కలపాలంటే 1967 డిసెంబరు 31 గురించి అడగండి చాలు, మిగతాదంతా వాళ్ళే చెప్తారు. డల్లాస్ కౌబాయ్స్‌తో లీగు ఫైనల్ (సూపర్ బౌల్‌కి ముందుది), గ్రీన్ బేలో. ఆ రోజు చలి మైనస్ 13 ఫారెన్‌హీట్, మన లెక్కలో మైనస్ 25. మైదానం గడ్డకట్టకుండా కింద వేడి తీగలు వేశారు, సరిగ్గా ఆ రోజే అవి పనిచేయలేదు. నేల గాజులా అయిపోయింది. రిఫరీ విజిల్ పెదవులకి అంటుకుపోయింది, ఇక అరుపులతోనే ఆట నడిపారు. చివర్లో డల్లాస్ 17-14తో ముందుంది. 16 సెకన్లుండగా గీతకి అడుగు రెండడుగుల దూరంలో గ్రీన్ బే క్వార్టర్‌బ్యాక్ (బంతి అందుకుని ఆట నడిపేవాడు) బార్ట్ స్టార్ బంతి ఎవరికీ ఇవ్వకుండా తనే పొట్టకి అదుముకుని దూరాడు. 21-17. దాన్ని ఐస్ బౌల్ అంటారు. డల్లాస్ దగ్గర ఫ్రిస్కోలోనో ఇర్వింగ్‌లోనో మీ చుట్టాలుంటే, వాళ్ళు అప్పుడే కౌబాయ్స్ టోపీలు కొనేసి ఉంటే, సంక్రాంతి కలయికలో ఈ కథ ఎత్తకండి.

లొంబార్డీ వెళ్ళాక కరువు. 1968 నుంచి 1991 దాకా ప్లే ఆఫ్స్‌కి వెళ్ళింది రెండే రెండుసార్లు. అయినా స్టేడియం ఖాళీ లేదు, 1960 నుంచి సీజన్ టికెట్లన్నీ అమ్ముడుపోతూనే ఉన్నాయి. వెయిటింగ్ లిస్టులో లక్షకు పైగా పేర్లున్నాయి, పిల్ల పుట్టగానే పేరు రాయించేవాళ్ళున్నారు. మన గ్రీన్ కార్డు లైను గురించి బాధపడుతుంటే మా పక్కింటాయన ఓదార్చిన తీరు అది, "నేను 30 ఏళ్ళుగా లైన్లోనే ఉన్నానమ్మా" అని. మిల్వాకీలో ఉన్నారు కాబట్టి ఇంకో మాట, 1994 దాకా ఏటా కొన్ని హోమ్ మ్యాచ్‌లు మిల్వాకీలోనే ఆడేవారు. ఆ పాత టికెట్లవాళ్ళకి ఇప్పటికీ గ్రీన్ బేలో విడిగా కొన్ని మ్యాచ్‌లు ఉంటాయి. మీ ఆఫీసులో వయసైన మేనేజర్ ఎవరైనా ఉంటే ఆయనింట్లో అలాంటి టికెట్లు ఉన్నాయేమో కనుక్కోండి. ఊరికే చెప్తున్నా.

తర్వాత క్వార్టర్‌బ్యాక్ బ్రెట్ ఫార్వ్ 1992లో వచ్చాడు, ఆయన తర్వాత ఆరన్ రాడ్జర్స్. ఇద్దరితో ముప్ఫై ఏళ్ళు గడిచిపోయాయి, చెరో సూపర్ బౌల్. ఇక్కణ్ణుంచి ఇద్దరూ వెళ్ళింది న్యూయార్క్ జెట్స్‌కే, అది జనం నవ్వుతూ చెప్తారు. ఫార్వ్ ఆ తర్వాత పక్క రాష్ట్రం మిన్నెసోటాకి ఆడాడు, అది మాత్రం నవ్వుతూ చెప్పరు.

రూల్స్ అంటారా, నాలుగు ప్రయత్నాల్లో పది గజాలు ముందుకెళ్ళాలి, వెళ్తే మళ్ళీ నాలుగు, లేకపోతే బంతి అవతలివాళ్ళకి. చివరి గీత దాటిస్తే ఆరు, ఆ వెంటనే కర్రల మధ్యకి తంతే ఇంకొకటి, గీత దాటించకుండా ఊరికే ఆ కర్రల మధ్యకి తన్ని పంపితే మూడు. దీంతో మొదలుపెట్టండి, మిగతాది రెండు ఆదివారాల్లో అదే వస్తుంది.

ఆదివారం అంటే గుర్తొచ్చింది. మా గృహప్రవేశం అయ్యాక సత్యనారాయణ వ్రతానికి వీధిలో అందరినీ పిలిచాం, ఆదివారం పన్నెండింటికి. మనవాళ్ళందరూ వచ్చారు. వీధివాళ్ళు ఒక్కరు లేరు. నాకు ఒకటే టెన్షన్, ఏం తప్పు చేశామో అని ఏడుపొక్కటే తక్కువ. మూడున్నరకి అందరూ ఆకుపచ్చ జెర్సీలేసుకుని గుంపుగా వచ్చి పులిహోర మొత్తం ఊడ్చేశారు. ఆ రోజు బేర్స్‌తో మ్యాచట! 1921 నుంచి ఉన్న పగ అది. సెప్టెంబరు నుంచి జనవరి దాకా ముహూర్తం పెట్టేముందు పంచాంగంతోపాటు ప్యాకర్స్ షెడ్యూలూ చూడండి.

టికెట్ దొరికి డిసెంబరులో వెళ్తే, అక్కడ ఎక్కువ సీట్లు వెన్ను ఆనించుకోవడానికి లేని అల్యూమినియం బల్లలు. కాళ్ళ కింద వేసుకోవడానికి అట్టముక్క తీసుకెళ్ళండి, కాంక్రీటు చలి బూట్లలోంచి ఎక్కుతుంది. హ్యాండ్‌బ్యాగ్ ఒప్పుకోరు, పారదర్శకంగా ఉండే సంచీ కావాలి. శాకాహారులకి చీజ్ కర్డ్స్ దొరుకుతాయి, బ్రాట్ అన్నది మాత్రం మాంసమే. ఇంకోటి, మంచు బాగా పడితే స్టేడియంలో మంచు తీయడానికి గంటకింత అని మనుషుల్ని పిలుస్తారు. స్టూడెంట్ వీసా పిల్లలూ, హెచ్1బీవాళ్ళూ సరదాకైనా ఆ డబ్బు ముట్టుకోకండి, అది అనుమతి లేని ఉద్యోగం కింద లెక్క. సరదా కోసం స్టేటస్ పోగొట్టుకోవద్దు.

టికెట్ ఖరీదు చూసి గుండె ఆగితే ఆగస్టులో వెళ్ళండి. ప్రాక్టీసు చూడటానికి ఉచితం. స్టేడియం నుంచి ప్రాక్టీసు మైదానానికి ఆటగాళ్ళు పిల్లల సైకిళ్ళు అడిగి తీసుకుని తొక్కుకుంటూ వెళ్తారు, ఆ పిల్లలు హెల్మెట్ పట్టుకుని పక్కనే పరిగెడతారు. మావాడికి ఎనిమిదేళ్ళప్పుడు ఆరున్నర అడుగుల మనిషి ఒకాయన వాడి సైకిలెక్కాడు, మోకాళ్ళు గడ్డానికి తగులుతున్నాయి. ఇప్పుడు మావాడు కాలేజీలో ఉన్నాడు. ఆ సైకిల్ గరాజ్‌లోనే ఉంది, ఎవరికీ ఇవ్వనివ్వడు.