కీళ్లవాతం ఉంది, కుక్కను తెచ్చుకోవచ్చా?

ప్రశ్న: నా వయసు 51. ఏడేళ్లుగా రుమటాయిడ్ ఆర్థరైటిస్. వారానికోసారి మెథోట్రెక్సేట్, నొప్పి ఎక్కువైతే పారాసిటమాల్ వేసుకుంటాను. మాది మూడో అంతస్తు, లిఫ్టు లేదు. మావారు పొద్దున ఎనిమిదింటికి వెళ్తే రాత్రికే రావడం. అమ్మాయి చదువుకని పుణె వెళ్లాక ఇల్లు బోసిపోయింది. ఒక లాబ్రడార్ పిల్లను తెచ్చుకోవాలని ఉంది. ‘నీ ఒళ్లే నీకు బరువు, ఇంకో బరువెందుకు’ అంటారు మావారు. ఏం చేయమంటారు?
– ఓ పాఠకురాలు, విద్యానగర్

జవాబు: లాబ్రడార్ పిల్ల మాత్రం వద్దు. మిగతా దారులు తెరిచే ఉన్నాయి.

మీ జబ్బులో కీళ్లు బిగుసుకుపోయేది పొద్దున్నే. లేచాక గంట, ఒక్కోసారి రెండు గంటలు పడుతుంది వేళ్లు మాట వినడానికి. కుక్కను కిందికి దించాల్సిందీ సరిగ్గా అప్పుడే. పోనీ తొమ్మిదింటికి వెళ్దామంటే హైదరాబాద్ ఏప్రిల్, మే ఎండలు తెలిసినవే. చేతి వెనకవైపు రోడ్డుకు ఆనించి ఏడు సెకన్లు ఉంచలేకపోతే కుక్క పాదాలు కాలతాయని అర్థం. ఇక పిల్లయితే టీకాలన్నీ పూర్తయ్యేదాకా, అంటే సుమారు నాలుగు నెలల వయసు దాకా, పార్వో అనే వైరస్ జబ్బు భయంతో వీధిలోకి దించకూడదు. రెండు మూడు గంటలకోసారి ఇంట్లోనే పోస్తుంది. వంగి తుడవాల్సింది మీరు. పెద్దయ్యాక 25–35 కిలోలు. గల్లీ కుక్కలు మీదికొస్తే అది గుంజే ఒక్క గుంజుకు మీ మణికట్టు ఆగదు.

ముందు పదిహేను రోజులు కుక్క లేకుండానే కుక్కను పెంచి చూడండి. పొద్దున ఆరున్నరకు చెప్పులు వేసుకుని మూడంతస్తులు దిగి, ఇరవై నిమిషాలు నడిచి పైకి రండి. రాత్రి ఏడున్నరకు మళ్లీ. వెళ్లలేని పూట క్యాలెండర్‌లో సున్నా చుట్టండి. ఒళ్లు బాగున్న వారం ఎవరైనా చేస్తారు, కాబట్టి నొప్పి తిరగబెట్టిన రోజులు ఆ పదిహేనులో రాకపోతే ఇంకో పదిహేను కలపండి. ముప్పై పూటల్లో అయిదారు సున్నాలుంటే పరవాలేదు, కానీ ఆ పూటల్లో ఎవరు దించుతారో పేరుతో సహా తేలాలి. మీవారు వెళ్లేది ఎనిమిదింటికి అన్నారుగా, ఆరున్నర పని ఆయన ఒప్పుకుంటారా? ఒప్పుకోకపోతే కుక్క ఆలోచన అక్కడితో ఆపేయడం మేలు. వాచ్‌మన్ చేస్తానంటే మొహమాటానికి చేయించుకోకండి. నెలకింతని జీతం మాట్లాడుకోండి. ఉత్తి సాయమైతే పండగ రోజు మొదట ఆగిపోయేది అదే.

ఇవన్నీ కుదిరితే నాలుగైదేళ్ల దేశీ కుక్కను చూడండి. లాబ్రడార్ కంటే తేలిగ్గా ఉంటుంది, స్వభావం తేలిపోయి ఉంటుంది, పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ అయినదైతే మరీ మంచిది. జూబ్లీహిల్స్ బ్లూ క్రాస్ వంటి చోట్ల దత్తతకు ఉంటాయి. అడిగి ఒక నెల ఇంట్లో ఉంచుకుని చూసి అప్పుడు ఖాయం చేసుకోండి. మెట్లు భయపడకుండా దిగుతుందా అన్నది అక్కడే చూడాలి. దానికి కాలు విరిగితే దుప్పట్లో పడుకోబెట్టి ఇద్దరు మోయాలి, ఆ ఇద్దరూ ఎవరో కూడా ముందే అనుకోండి.

మెడపట్టీకి బదులు ఛాతీ ముందు రింగున్న హార్నెస్ (ఒంటికి తొడిగే పట్టీ) కొనండి. గుంజితే కుక్కే పక్కకు తిరుగుతుంది, మీ చేతి మీద లాగుడు తగ్గుతుంది. తాడు మీటరున్నర, వెడల్పుగా, మెత్తటి పిడితో ఉండాలి. మణికట్టుకు చుట్టుకోవద్దు. సాగే తాడు అసలే వద్దు. తిండి గిన్నె స్టూలు మీద పెడితే వంగక్కర్లేదు. గోళ్లు కత్తిరించడం మీ వేళ్లతో కాదు, మూడు నాలుగు వారాలకోసారి డాక్టరు దగ్గరే. గోమార్లకు చల్లే పొడి కంటే నోటి ద్వారా ఇచ్చే మాత్ర మీకు సులువు, ఏది ఎంత మోతాదో డాక్టరు బరువు చూసి చెబుతారు. యాంటీ రేబీస్ టీకా వేయించి, జీహెచ్‌ఎంసీ దగ్గర రిజిస్టర్ చేయించడం మరిచిపోకండి.

సున్నాలు ఎక్కువైతే పిల్లి. మెట్లు దిగే పనే లేదు. లిట్టర్ ట్రేను (పిల్లి మలవిసర్జన చేసే ఇసుక పళ్లెం) నేల మీద కాకుండా 40 సెంటీమీటర్ల ఎత్తు పీట మీద పెట్టండి, అది ఎగిరి ఎక్కుతుంది, మీరు కుర్చీలో కూర్చుని శుభ్రం చేయొచ్చు. గరిటె పిడికి పాత గుడ్డ చుట్టి లావు చేస్తే పట్టు దొరుకుతుంది. లిట్టర్ పది కిలోల బస్తా కాకుండా చిన్న ప్యాకెట్లు తెప్పించుకోండి. మెథోట్రెక్సేట్ రోగనిరోధక శక్తిని తగ్గిస్తుంది కాబట్టి పిల్లి మలంలోని టాక్సోప్లాస్మా మీకు ప్రమాదం. ఆ క్రిమి మలం బయటపడిన వెంటనే అంటుకోదు, అంటుకునే స్థితికి రావడానికి ఒకటి నుంచి అయిదు రోజులు పడుతుంది. అందుకే ట్రేలోని మలం రోజూ తీసేయాలి, వీలైతే మీవారే తీయాలి, మీరైతే గ్లవ్స్‌తో. పచ్చి మాంసం పెట్టకూడదు, బయటికి వదలకూడదు. గీరినా కరిచినా పదిహేను నిమిషాలు సబ్బు నీళ్లతో కడిగి ఆ రోజే ఆసుపత్రికి వెళ్లండి. ఇంటికి తెచ్చేముందు ఈ విషయం మీ రుమటాలజిస్టుకు చెప్పండి.

ఇంకో మాట, మాత్రల డబ్బా. కింద పడిన ఒక్క పారాసిటమాల్ పిల్లి ప్రాణం తీస్తుంది. కుక్కకు ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్‌తో కడుపులో పుళ్లు, కిడ్నీ దెబ్బతినడం. వేళ్లు పట్టు తప్పే మనిషి చేతిలోంచే మాత్ర జారుతుంది, అందుకని పళ్లెంలో పోసుకుని, జంతువు లేని గదిలో వేసుకోండి. నొప్పి జెల్ రాసుకున్న చేతిని అవి నాకుతాయి. పడుకునేముందు రాసి కాటన్ గ్లవ్స్ తొడుక్కోండి.

ప్రశ్న: ఎల్4–ఎల్5 డిస్కు జారి మూడేళ్లు. చేపల తొట్టి అయితే నడుముకు ఇబ్బంది ఉండదనుకుంటున్నాను. నిజమేనా?
– ఓ పాఠకుడు, కూకట్‌పల్లి

జవాబు: తొట్టి కొన్న రోజు ఇబ్బంది లేదు, నీళ్లు మార్చే రోజు ఉంది. 60×30×30 సెంటీమీటర్ల తొట్టిలో 54 లీటర్లు పడతాయి. వారానికి పావు వంతు మార్చాలి, అంటే సుమారు పదమూడున్నర లీటర్ల బకెట్. వంగి ఎత్తి పోయడం మీ డిస్కుకు అన్నిటికంటే చెడ్డ పని. కాబట్టి బకెట్ ఎత్తకూడదు. పాత నీళ్లు పైపుతో సైఫన్ చేసి నేరుగా బాత్రూములోకి వదలండి. కొత్త నీళ్లు నేల మీది బకెట్‌లో పట్టి, యాంటీ క్లోరిన్ కలిపి, చిన్న పంపుతో పైకెక్కించండి. స్టాండు నడుము ఎత్తు ఉండాలి, వంగడమూ చేతులు చాపడమూ తప్పుతాయి. మొదటి నెలలో చేపలు చచ్చిపోవడానికి కారణం చాలాసార్లు వాటి మలినాల నుంచి వచ్చే అమోనియా. దాన్ని తినే బ్యాక్టీరియా ఫిల్టర్‌లో పెరగడానికి నాలుగు నుంచి ఆరు వారాలు కావాలి. రెండు మూడు గప్పీలతో మొదలుపెట్టండి. ఫిల్టర్ స్పాంజిని కుళాయి కింద కడిగితే ఆ బ్యాక్టీరియా పోతుంది, తీసిన తొట్టి నీళ్లలోనే పిండండి. గోల్డ్‌ఫిష్ వద్దు, నీళ్లు త్వరగా పాడవుతాయి.

ప్రశ్న: అత్తయ్యకు మోకాళ్ల నొప్పులు. కాలక్షేపానికి రామచిలుకను కొనిద్దామా?
– ఓ పాఠకురాలు, మల్కాజిగిరి

జవాబు: కొనకండి. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం రామచిలుకను పంజరంలో పెట్టుకోవడం నేరం. నక్షత్ర తాబేలుకూ అంతే. బడ్జీల (చిన్న విదేశీ చిలుకలు) జంట పెట్టుకోవచ్చు. పంజరం ఛాతీ ఎత్తులో, అడుగు ట్రే సొరుగులా బయటికి వచ్చేలా ఉండాలి. అత్తయ్యకు ఆయాసం, దగ్గు ఉంటే మాత్రం పక్షుల ఈకల దుమ్ము పడదు, ముందు డాక్టర్ని అడగండి.