రెడ్ ఎంట్రీ తర్వాత

తిరుమలగిరి, సికింద్రాబాద్

అమ్మా,

చిక్కడపల్లి లైబ్రరీ మెట్ల మీద నువ్వు నా చేతిలో పెట్టిన కథ రెండుసార్లు చదివాను. మొదటిసారి మామూలు పాఠకుడిలా చదివితే బాగానే ఉందనిపించింది. రెండోసారి, ఆర్మీలో 24 ఏళ్లు క్లర్కుగా కాగితాలు రాసినవాడిలా చదివాను. అప్పుడు పెన్ను తీయక తప్పలేదు.

నీ సిపాయి చెల్లెలి పెళ్లికి సెలవు మీద వచ్చాడు. అప్పగింతలూ అప్పులూ తెమిలేసరికి గడువు దాటిపోయి, 12 రోజులు ఆలస్యంగా యూనిట్‌కి చేరాడు. సీఓ, అంటే యూనిట్ కమాండింగ్ ఆఫీసర్, ఎదుట సెల్యూట్ కొట్టాడు. కోర్ట్ మార్షల్ జరిగింది, 28 రోజుల శిక్ష పడింది. బయటికొచ్చి జెండా వైపు చూస్తూ "నా జీవితం ముగిసింది" అనుకున్నాడు. కథా ముగిసింది.

ముందు ఆ సెల్యూట్ సంగతి చూద్దాం. చిన్న విషయమే గానీ, ఆర్మీలో పనిచేసినవాళ్లెవరైనా అక్కడే నీ కథ మూసేస్తారు. పేషీకి పిలిచినప్పుడు జవానుకి టోపీ, బెల్టు బయటే తీయిస్తారు. కోపమొచ్చి ఆఫీసర్ మీదికి విసురుతాడేమోనని ఆ ఏర్పాటని మా సుబేదార్ మేజర్ సాబ్ నవ్వుతూ అనేవారు. ఎంత నిజమో గానీ పద్ధతి మాత్రం అదే. మన ఆర్మీలో టోపీ లేని తలకి సెల్యూట్ లేదు. "తేజ్ చల్" అని లోపలికి నడిపిస్తారు, "థమ్" అంటే ఆగిపోతాడు. బెల్టు లేక ప్యాంటు కాస్త జారుతుంటుంది, చెయ్యి పెట్టి సర్దుకోకూడదు. రోజుకి పదిసార్లు సెల్యూట్ కొట్టిన చెయ్యి ఆ గదిలో తొడకి అతుక్కుని ఉండిపోతుంది. సీఓ చార్జ్ చదివి, "కుఛ్ కహనా హై?" అంటాడు. నేను చూసినవాళ్లలో ఎక్కువమంది "నహీ సాబ్" అన్నవాళ్లే. ఊళ్లో పెళ్లి గురించి, అప్పిచ్చినవాడి గురించి రైల్లో రెండు రాత్రులు తయారు చేసుకున్న మాటలన్నీ గొంతులోనే ఉండిపోతాయి. అంతా ఐదు నిమిషాల పని. నువ్వు రెండు పేజీల ఉపన్యాసం చెప్పించావు. తీసెయ్.

ఇక కోర్ట్ మార్షల్. 12 రోజుల ఆలస్యానికి మామూలుగా అంతదూరం పోరు. 1950 నాటి ఆర్మీ యాక్టులో 80వ సెక్షన్ కింద సిపాయి మొదలు హవల్దార్ దాకా ఎవరికైనా సీఓ తనంతట తనే శిక్ష వేయొచ్చు. కస్టడీ అయితే సిపాయికి మాత్రమే, 28 రోజుల వరకు, జరిమానా అయితే నెలలో 14 రోజుల జీతం వరకు. కోర్ట్ మార్షల్ వేరు. అందులో సమ్మరీ కోర్ట్ మార్షల్ అని ఒకటుంది, అందులోనూ కోర్టంటే సీఓ ఒక్కడే. ఇద్దరు పక్కన కూర్చుంటారు గానీ తీర్పు వాళ్లది కాదు. లెఫ్టినెంట్ కల్నలో, అంతకు పైవాడో అయితే ఏడాది వరకు జైలు వేయొచ్చు, డిస్మిస్ కూడా చేయొచ్చు. అక్కడ ఉద్యోగమే పోతుంది. డిస్మిస్ అయితే మామూలుగా పెన్షన్ కూడా ఉండదు. నీ సిపాయిది ఆ గొడవ కాదు.

30 రోజులు దాటితే మాత్రం కథ మారుతుంది. కోర్ట్ ఆఫ్ ఎంక్వయిరీ కూర్చుంటుంది. మనిషిని పట్టి అప్పగించమని సొంత ఊరి పోలీసులకి కాగితం అంతకుముందే వెళ్లొచ్చు. పందిరి గుంజలు ఇంకా పీకని ఇంటికి కానిస్టేబుల్ సైకిల్ మీద వచ్చాడనుకో. నేనైతే కథ అక్కడే మొదలుపెట్టేవాణ్ణి.

అసలు నేను చెప్పాలనుకున్నది నీ చివరి వాక్యం గురించి. శిక్ష పడిన రోజుతో ఏదీ ముగియదు. 28 రోజులు 29వ రోజున అయిపోతాయి. కాగితం అయిపోదు. పెళ్లి, పిల్లలు, సెలవు, శిక్ష, జవాను జీవితంలో ఏం జరిగినా పార్ట్ టూ ఆర్డర్ అనే యూనిట్ కాగితంలోకి ఎక్కుతుంది. శిక్ష పెద్దదైతే రికార్డులో ఎర్ర ఇంకుతో, చిన్నదైతే నల్ల ఇంకుతో రాస్తారు. ఆ ఎర్రదే రెడ్ ఎంట్రీ. ఆ ఎర్ర గీతతో మిగతా సర్వీసంతా ఎలా గడిపాడన్నదే కథ. నువ్వు కథ మొదలవ్వాల్సిన చోట చుక్క పెట్టేశావు.

"నాలుగు పడితే ఇంటికే" అని బ్యారక్‌లో అంటుంటారు. నాలుగు రెడ్ ఎంట్రీలు ఉన్నవాణ్ణి, ఆర్మీకి పనికిరాడని షోకాజ్ నోటీసిచ్చి పంపించే పద్ధతి ఉన్నమాట నిజమే. కానీ నాలుగు అంకె లెక్కబెట్టి పంపడం కుదరదని 2015లో సుప్రీంకోర్టు చెప్పింది. విచారణ జరపాలి. చేసినవి ఎలాంటి తప్పులు, ఎన్నేళ్లు సర్వీసు చేశాడు, ఎంత కష్టమైన చోట్ల పనిచేశాడు, పెన్షన్‌కి ఎంత దగ్గరలో ఉన్నాడు, ఇవన్నీ చూడాలి. జవానుకి పెన్షన్ రావాలంటే 15 ఏళ్లు నిండాలి. ఇప్పుడు నీ సిపాయికి కొత్త కుర్రాడి వయసు కాకుండా 13 ఏళ్ల 8 నెలల సర్వీసు పెట్టి చూడు. అప్పటికే మూడు ఎర్రవి ఉన్నాయనుకో. చెల్లెలి పెళ్లి రోజున వాడు తలంబ్రాలు చూస్తాడా, గోడ మీద క్యాలెండర్ చూస్తాడా? టెన్షన్ దానంతటదే వస్తుంది, నువ్వు విశేషణాలు వేయక్కర్లేదు.

ఆఫీసర్ల సంగతి వేరు, కాస్త క్రూరం కూడా. వాళ్లలో ఎక్కువమందిని తీసెయ్యరు. పైకి వెళ్లేకొద్దీ కుర్చీలు తక్కువ కాబట్టి సర్వీసు ఫైల్లో ఒక్క "సివియర్ డిస్‌ప్లెజర్", అంటే పైవాళ్లు రాతలో చెప్పిన తీవ్ర అసంతృప్తి, ఉన్నా ప్రమోషన్ బోర్డు పక్కవాడి పేరు రాసుకుంటుంది. యూనిఫాం ఉంటుంది, జీతం ఉంటుంది, నిన్న తనకి సెల్యూట్ కొట్టినవాడికి ఇవాళ తను కొట్టాల్సి వస్తుంది. ఎంక్వయిరీ పేరు వింటేనే కెరీర్ పోయినట్టు రాయకు. మానెక్‌షా వెల్లింగ్టన్ స్టాఫ్ కాలేజీ కమాండెంట్‌గా ఉన్నప్పుడు ఆయన మీద కోర్ట్ ఆఫ్ ఎంక్వయిరీ వేశారు. నిర్దోషిగా తేలాడు. 1962 యుద్ధంలో దెబ్బతిన్న నాలుగో కోర్‌ అనే పెద్ద సేనా విభాగాన్ని ఆయన చేతిలో పెట్టారు. 1969లో ఆర్మీ చీఫ్ అయ్యాడు. అయితే ఆయనది తప్పు లేదని తేలిన కేసు. నీ సిపాయి తప్పు చేశాడు, ఆలస్యంగా వచ్చాడు. ఆ రెండూ ఒకే గాటన కట్టకు.

తప్పుల్లోనూ తేడా ఉంది. ఇది నా లెక్క, రూల్ పుస్తకంలో దొరకదు. సెలవు దాటి వచ్చినవాణ్ణి, తాగి అరిచినవాణ్ణి ఆర్మీ తిట్టుకుంటూనే భరిస్తుంది. రేషన్ చక్కెర బజార్లో అమ్మినవాణ్ణి, తోటివాడి పెట్టె తెరిచినవాణ్ణి భరించదు. కాగితం మీద శిక్ష చిన్నదే పడినా వాడితో ఎవరూ కలిసి టీ తాగరు.

ఒక మనిషి గురించి చెప్తాను. ఉత్తరాన ఒక యూనిట్‌లో మాతో కంభం వైపు నుంచి వచ్చిన డ్రైవర్ ఉండేవాడు. కూతురికి పచ్చకామెర్లు వచ్చి 19 రోజులు ఆలస్యంగా వచ్చాడు. సెలవు పెంచమని టెలిగ్రాం ఇచ్చానన్నాడు గానీ అది మాకు చేరనే లేదు. శిక్ష పడ్డాక ఆ సాయంత్రం మా ఆఫీస్ కిటికీ దగ్గరికొచ్చి తెలుగులో మెల్లగా అడిగాడు: "అన్నా, ఎర్రదా, నల్లదా?" నేను అప్పుడే రాసి బ్లాటింగ్ పేపర్ అద్దుతున్నాను. కాగితం తిప్పి చూపించాను. చాలాసేపు చూశాడు. "నీ చేతిరాత బాగుంటదన్నా" అని వెళ్లిపోయాడు.

అతనితో పాటు ట్రైనింగ్ చేసినవాడు రెండేళ్ల ముందు ప్రమోషన్ వచ్చి నాయక్ అయ్యాడు. ఒకే పళ్లెంలో తిన్నవాణ్ణి పొద్దున రోల్ కాల్‌లో "ఉస్తాద్" అనాల్సి వచ్చింది. మొదటి నెలంతా ఆ మాట అనాల్సిన చోట దగ్గేవాడు. తర్వాత అలవాటైంది. లేటుగా తనూ నాయక్ అయ్యాడు. 17 ఏళ్లు చేసి పెన్షన్‌తోనే ఇంటికొచ్చాడు. డిశ్చార్జ్ పుస్తకంలో క్యారెక్టర్ అన్న చోట "ఎగ్జెంప్లరీ" లేదు, "గుడ్" ఉంది. గుడ్ అంటే మంచిదే కదా అనుకుంటారు బయటివాళ్లు. గార్డు ఉద్యోగానికి వెళ్లినప్పుడల్లా ఆ పుస్తకాన్ని ఏ పేజీ దగ్గర తెరిచి ఇవ్వాలో అతనికి తెలుసు.

నువ్వు రాయాల్సింది ఆ దగ్గు. జెండా కాదు.

ఇప్పుడతను అల్వాల్‌లో ఉంటాడు, స్కూల్ వ్యాన్ నడుపుతాడు. నెలకోసారి క్యాంటీన్‌కి వస్తాడు, సామాను తీసుకుని మా ఇంట్లో టీ తాగి వెళ్తాడు. ఈసారి వచ్చే ముందు నీకు ఫోన్ చేస్తాను, రా. నోట్‌బుక్ సంచిలోనే ఉంచు. రెడ్ ఎంట్రీ మాట ఎత్తకు. ఏయే బండ్లు నడిపాడో అడుగు. మంచులో త్రీటన్నర్ ట్రక్కు స్టార్ట్ చేయడం దగ్గర మొదలుపెడతాడు, రెండో కప్పు టీకి కూతురి దగ్గరికి వస్తాడు. అక్కడ మాత్రం నువ్వు అడ్డురాకు.

నీ
బాబాయ్