పాత డిష్‌తో ఫ్రీ డిష్: గొడుగు బాగానే ఉంది, చూపే వేరు

అన్నా, హైదరాబాద్‌లో మేడ మీదున్న పాత డీటీహెచ్ డిష్‌కి కొత్త ఫ్రీ టు ఎయిర్ (నెల చందా లేని) బాక్స్ తగిలిస్తే సిగ్నల్ సున్నా అన్నారు కదా. మీ డిష్ 83 డిగ్రీల తూర్పు ఉపగ్రహానికి పెట్టినది. దూరదర్శన్ వాళ్ల ఉచిత సర్వీసు డీడీ ఫ్రీ డిష్ వచ్చే ఉపగ్రహం జీశాట్-15 ఉండేది 93.5 దగ్గర. ఈ అంకెలు ఉపగ్రహాలుండే రేఖాంశాలు, డిష్ తిప్పే కోణాలు కావు. డిష్‌ని ఇప్పుడున్న చోటి నుంచి తూర్పుకి సుమారు 27 డిగ్రీలు తిప్పి, ఐదారు డిగ్రీలు కిందికి వంచండి. ఇది ఆఫ్‌సెట్ డిష్, అంటే సిగ్నల్ పట్టే ముక్క మధ్యలో కాక కింది వైపు ఉండే రకం. అందుకే చూడటానికి మరీ కిందికి వాలినట్టు కనిపిస్తుంది, కంగారుపడకండి.

కొంచెం జరపడం, రెండు మూడు సెకన్లు ఆగడం, అంతే. బాక్స్‌కి సిగ్నల్ పట్టడానికి టైం కావాలి. మొదటిసారి నేను ఆగకుండా తిప్పేసి మధ్యాహ్నమంతా ఎండలో మాడిపోయాను.

ఎల్‌ఎన్‌బీ (డిష్ ముందు కడ్డీకి ఉండే, సిగ్నల్ పట్టే ఆ ముక్క) యూనివర్సల్ రకమైతే పాతదే చాలు, బాక్స్‌లో ఎల్‌ఎన్‌బీ సెట్టింగ్ 9750/10600 పెట్టండి. దాని మీద 10600 ఒక్కటే రాసి ఉంటే మార్చాల్సిందే, 11090 లాంటి కింది ఫ్రీక్వెన్సీలు దానికి అందవు. కేబుల్ చివర తుప్పు పట్టిన కనెక్టర్ ఉంటే కోసి కొత్తది వేయండి.

డీడీ యాదగిరి ఛానెల్ వచ్చిందని సంబరంగా బోల్టులు బిగించేయకండి, బిగించేటప్పుడే డిష్ కదిలిపోతుంది. సిగ్నల్ చూసి చెప్పడానికి టీవీ దగ్గర ఒకరిని కూర్చోబెట్టుకోండి.