నాయిక సరే, ఆమె స్నేహితురాలి మాటేమిటి?

పుస్తకాల శీర్షిక: పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

ప్రశ్న: ఆరుగురం ఆడవాళ్లం నెలకోసారి ఒకరింట్లో చేరి రచయిత్రుల నవలలు చదువుకుంటున్నాం. కొత్తవైతే ఇట్టే అయిపోతున్నాయి. పాతవి తీస్తే మాత్రం, ‘ఈవిడ ఎందుకలా పడి ఉంటుంది, వెళ్లిపోవచ్చుగా?’ అని మాలో చిన్నవాళ్లు సగంలోనే పక్కన పెట్టేస్తున్నారు. పాతవీ కొత్తవీ కలిపి చదవడానికి దారేదైనా ఉందాండీ? – ఒక పాఠకురాలు, ఎంవీపీ కాలనీ

జవాబు: చిన్నవాళ్లు అడిగేది సరైన ప్రశ్నే. అయితే అడిగి ఊరుకోకూడదు, జవాబు వెతకాలి. వెళ్తే ఎక్కడికి వెళ్తుంది, చేతిలో డబ్బెంత ఉంది, అప్పటి చట్టం ఏమంటుంది? ఈ మూడూ తెలిస్తే విసుగు చాలావరకు పోతుంది. నవల అట్ట లోపలివైపు ఒక చీటీ పెట్టుకోండి. దాని మీద ఈ సంవత్సరాలు రాయండి: బాల్యవివాహాలను ఆపే శారదా చట్టం అమల్లోకొచ్చింది 1930 ఏప్రిల్‌లో, అప్పుడు పెళ్లికి అమ్మాయి కనీస వయసు 14 ఏళ్లు. మన విశాఖ ఉన్న నాటి మద్రాసు రాష్ట్రంలో హిందువులకు విడాకుల చట్టం 1949లో, దేశమంతటా 1955లో వచ్చింది. వారసత్వ చట్టం 1956, వరకట్న నిషేధం 1961. ఆంధ్రప్రదేశ్‌లో పెళ్లికాని కూతురికి ఉమ్మడి ఆస్తిలో కొడుకుతో సమాన వాటా వచ్చింది 1985లో. కథ 1940లో జరుగుతుంటే మీ వాళ్లు నాయికను వెళ్లమంటున్న తలుపు అప్పటికింకా కట్టనే లేదు.

ఇక్కడ చాలామంది తడబడే చోటు ఒకటుంది. నవల అచ్చయిన ఏడు వేరు, కథ జరిగే ఏడు వేరు. 1960ల్లో కూర్చుని 1920ల గురించి రాసిన రచయిత్రి తన కాలపు ఆశల్ని నాయిక నోట పలికిస్తుంది. చీటీలో రెండు సంవత్సరాలూ వేసుకుంటే, ఏ మాట ఏ కాలానిదో పట్టుకోవడం మీ చర్చలో మంచి భాగమవుతుంది.

రెండో పని, మాకు ఇదే ముఖ్యం. ప్రేమకథను నాయకుడి వైపు నుంచి కాకుండా స్నేహితురాలి వైపు నుంచి చదవండి. పెన్సిలుతో మూడుచోట్ల గీత పెట్టండి: నాయిక తన మనసులో మాట మొదట ఎవరికి చెప్పింది, ఆ స్నేహితురాలికి సొంత చిక్కు ఏమైనా ఉందా, ఏ ప్రకరణం తర్వాత ఆమె పుస్తకంలోంచి మాయమైంది. వారపత్రికల సీరియళ్లలో స్నేహితురాలు ఉత్తరాలు మోసి, ఓదార్చి, పెళ్లి కాగానే కనబడకుండా పోవడం మామూలు. రచయిత్రికి ఆమె మీద ప్రేమ లేక కాదు. వారానికి దొరికేది కొన్ని పేజీలే, చివర్లో వచ్చేవారం దాకా పాఠకుల్ని పట్టి ఉంచే మలుపు ఉండాలి, ఆ మలుపు ఎక్కువగా జంట చుట్టూనే తిరుగుతుంది. మిగిలినవాళ్లకు చోటు చాలదు.

ఇంగ్లీషులో దీనికి చక్కటి ఉదాహరణ జేన్ ఆస్టిన్ 1813 నవల ‘ప్రైడ్ అండ్ ప్రెజుడిస్’. నాయిక ఎలిజబెత్ పెళ్లికి కాదన్న కాలిన్స్‌ను ఆమె ఆప్తురాలు షార్లెట్ 22వ ప్రకరణంలో ఒప్పుకుంటుంది. షార్లెట్‌కు 27 ఏళ్లు, చేతిలో ఆస్తి లేదు, ఆమె కోరుకునేది ఒక గూడు. ఎలిజబెత్ దాన్ని జీర్ణించుకోలేదు, ఇద్దరి మధ్యా దూరం వస్తుంది. తర్వాత 34వ ప్రకరణంలో నాయకుడు డార్సీ ఎలిజబెత్‌తో మొదటిసారి పెళ్లి మాట ఎత్తేది ఎక్కడో చూడండి: షార్లెట్ ఇంట్లో. ఆమె ఆ పెళ్లి చేసుకోకపోతే ఎలిజబెత్ ఆ ఊరికే వెళ్లేది కాదు. ఈ నవలకు మొత్తం 61 ప్రకరణాలు. మొదట మూడు సంపుటాలుగా వచ్చింది, 23, 19, 19 చొప్పున. నెలకో సంపుటం పెట్టుకుంటే మూడు నెలలకు మీ గుంపుకు సరిపోతుంది.

తెలుగులో మాత్రం నవలతో మొదలెట్టకండి. భండారు అచ్చమాంబ 1902 నాటి కథ ‘ధనత్రయోదశి’ని ఒకరు పైకి చదవండి, మిగతావాళ్లు వినండి. గ్రాంథికం కంటికంటే చెవికే తేలిగ్గా పడుతుంది. అదే రోజు ఓల్గా కథల సంపుటి ‘విముక్త’లోని ‘సమాగమం’ చదవండి. ఈ సంపుటికి 2015లో సాహిత్య అకాడమీ అవార్డు వచ్చింది. అడవిలో లవకుశులు పూలు తెచ్చి, ఆ తోట పెంచే అనాకారి స్త్రీ గురించి తల్లికి చెబుతారు. సీత ఆమెను చూడ్డానికి తనే వెళ్తుంది. ఆమె శూర్పణఖ. ఒకే మగవాడి కారణంగా దెబ్బతిన్న ఇద్దరాడవాళ్లు పగ పెంచుకోవలసిన చోట చెలిమి చేస్తారు. ఇది చదివిన రోజు మీలో చిన్నవాళ్లు పుస్తకం కింద పెట్టరని మా నమ్మకం.

ఆ తర్వాత 1960ల సీరియల్ నవల ఒకటి పట్టుకోండి, యద్దనపూడి సులోచనారాణి ‘సెక్రటరీ’ లాంటిది. ప్రేమకథే అయినా, జీతం తెచ్చుకునే అమ్మాయికి ఆఫీసులో ఎంత మర్యాద దక్కుతోందో గమనించండి. విశాఖలో జీవించిన రచయిత్రి కావాలంటే ద్వివేదుల విశాలాక్షి పుస్తకాలు తీయండి. ఆమె నవలల్లో కుటుంబం, డబ్బు, పరువు చాలా నిక్కచ్చిగా కనిపిస్తాయి.

ప్రశ్న: అమ్మ వారపత్రికల్లోంచి చింపి బైండు చేయించిన సీరియళ్లు నా దగ్గరున్నాయి. ఇల్లు సముద్రానికి దగ్గర. పిన్నుల చుట్టూ తుప్పు మరకలు, మధ్యమధ్య వెండిరంగు పురుగులు. ఏం చేయాలి? – ఒక పాఠకురాలు, పెదవాల్తేరు

జవాబు: ముందు పిన్నులు తీయించండి. ఉప్పుగాలికి పిన్ను తుప్పు పట్టి కాగితాన్ని తినేస్తుంది. పల్చటి కత్తితో కాళ్లు నిటారు చేసి వెనకవైపు నుంచి లాగాలి, ముందునుంచి పీకితే పేజీ చిరుగుతుంది. అవే చిల్లుల్లోంచి నూలుదారంతో కుట్టించండి. చిరుగులకు సెల్లోటేపు వద్దు. జిగురు పసుపెక్కి అక్షరాల మీద మరకవుతుంది. మైదా ఉడికించిన పల్చటి జిగురు, సన్నటి టిష్యూ కాగితం చాలు. కానీ జిగురు పూర్తిగా ఆరాకే బీరువాలో పెట్టాలి, పురుగుకు పిండి ఇష్టం.

పురుగు కోసం పుస్తకాన్ని గాలి చొరని ప్లాస్టిక్ సంచిలో మూసి, డీప్ ఫ్రీజర్లో మైనస్ 18 డిగ్రీల దగ్గర రెండు వారాలు ఉంచండి. బయటికి తీశాక ఒకరోజు సంచి విప్పకండి, విప్పితే చెమ్మ కాగితం మీద పడుతుంది. ఎండలో మాత్రం ఆరబెట్టొద్దు. పత్రికల కాగితం నాసిరకం గుజ్జుతో చేసింది, ఎండ తగిలితే ఇంకా పెళుసెక్కుతుంది. నీడలో, ఫ్యాను కింద చాలు. బీరువా గోడకు నాలుగు వేళ్ల దూరంలో ఉండాలి, వానాకాలంలో సిలికా జెల్ పొట్లాలు మార్చుతుండాలి. బూజు వాసన వస్తే ముక్కుకు మాస్కు వేసుకుని బయట దులపండి.

ప్రశ్న: పాత నవలలు ఎక్కడ వెతకాలి? – ఒక విద్యార్థిని, మద్దిలపాలెం

జవాబు: ద్వారకానగర్ పౌర గ్రంథాలయం, ఆంధ్ర విశ్వవిద్యాలయంలో డాక్టర్ వి.ఎస్. కృష్ణా గ్రంథాలయం చూడండి. రచయిత్రిని ఇంటిపేరుతో, అసలు పేరుతో, కలం పేరుతో మూడువిధాలా అడగండి. లత పుస్తకాలు తెన్నేటి హేమలత పేరు కింద ఉండొచ్చు. సీరియల్‌గా వచ్చిన ఏడూ పుస్తకం ఏడూ ఒకటి కావు, రెండూ రాసుకుని వెళ్లండి. తర్వాతి ముద్రణలో రచయిత్రి కొత్త ముందుమాట రాసి ఉంటే దాన్ని చివర్లో చదవండి, లేకపోతే కథ మీద మీ అభిప్రాయం కంటే ముందే ఆమె అభిప్రాయం మనసులో కూర్చుంటుంది.