బయాప్సీ అయింది కదా, మళ్లీ ఎంఆర్ఐ ఎందుకు?

ప్రశ్న: మాది ఖమ్మం. నాన్నకు 66 ఏళ్లు. ప్రొస్టేట్ రక్తపరీక్ష పీఎస్ఏ 11 ఉందని మూడు వారాల కిందట బయాప్సీ చేశారు. ప్రొస్టేట్ క్యాన్సర్ అని, దాని తీవ్రత చెప్పే గ్లీసన్ స్కోరు 3+4 అని తేలింది. హైదరాబాద్‌లో రోబోటిక్ సర్జరీకి నాలుగున్నర లక్షలు అవుతుందన్నారు. నాలుగేళ్లుగా 5 లక్షల హెల్త్ పాలసీ ఉంది. ఇప్పుడు సర్జరీకి ముందు ఎంఆర్ఐ తీయించమంటున్నారు, దానికి 12 వేలు. జబ్బేమిటో తెలిశాక అది అవసరమా? నాన్న పేరున 14 నెలల కిందట సీనియర్ సిటిజన్స్ సేవింగ్స్ స్కీమ్‌లో వేసిన 15 లక్షలు తీసి దగ్గర పెట్టుకోమంటారా?

జవాబు: నేను డాక్టర్ని కాదు. అయినా ఈ 12 వేలు మిగుల్చుకోమని మాత్రం చెప్పలేను. క్యాన్సర్ ఉందని, దాని తీవ్రత ఎంతని బయాప్సీ చెప్పింది. అది ఎక్కడిదాకా వెళ్లిందో చెప్పలేదు. సూదికి దొరికిన ముక్కలే దానికి ఆధారం. ఎంఆర్ఐ మొత్తం గ్రంథిని చూపిస్తుంది. గడ్డ గ్రంథి పొర లోపలే ఉందా, పొర దాటిందా, వెనకున్న వీర్యకోశాల్లోకి పాకిందా, పక్కనుంచి పోయే నరాలకు ఎంత దగ్గరగా ఉంది అన్నవి సర్జన్ అందులో చూస్తారు. అంగస్తంభన ఆ నరాల మీదే ఆధారపడుతుంది కాబట్టి, వాటిని ఎంతవరకు కాపాడొచ్చో ముందే అంచనా వేసుకుంటారు.

మీ డబ్బు లెక్కకు కూడా ఇదే మూలం. గడ్డ పొర లోపలే ఉంటే సర్జరీతో సరిపోయే అవకాశం ఎక్కువ. పొర దాటి ఉంటే తర్వాత రేడియేషన్, హార్మోన్ ఇంజెక్షన్లు కావాల్సి రావచ్చు. సర్జరీ మానేసి వాటితోనే మొదలుపెడదామని కూడా అనొచ్చు. అందుకని ఆ రిపోర్టు రాకముందు నాలుగున్నర లక్షలనే మొత్తం ఖర్చుగా లెక్క వేసుకోకండి. పొర కొద్దిగా, సూక్ష్మంగా దాటితే ఎంఆర్ఐకి దొరక్కపోవచ్చు. తీసిన గ్రంథిని ల్యాబ్‌లో పరీక్షించాకే అసలు సంగతి తెలుస్తుంది. రిపోర్టు బాగా వచ్చినా కొంత డబ్బు పక్కన ఉండాలని నేననేది అందుకే.

తక్కువకు చేసే సెంటర్ దొరికితే, అది ప్రొస్టేట్‌కు తీసే మల్టీపారామెట్రిక్ (గ్రంథిని పలు రకాలుగా చూపించే) ఎంఆర్ఐయేనా అని అడగండి. మామూలు పొత్తికడుపు స్కాన్ పట్టుకెళ్తే మళ్లీ తీయించాల్సి వస్తుంది. రిపోర్టుతో పాటు సీడీ కూడా తీసుకోండి. రెండో అభిప్రాయానికి వెళ్తే ఇంకోసారి డబ్బు కట్టక్కర్లేదు.

తేదీల విషయంలో చాలామంది నష్టపోతున్నారు, కాస్త జాగ్రత్తగా చూడండి. అడ్మిషన్‌కు ముందు 30 రోజుల్లోనో 60 రోజుల్లోనో అదే జబ్బుకు అయిన పరీక్షల ఖర్చును పాలసీ ఇస్తుంది. ఎన్ని రోజులన్నది మీ పాలసీ కాగితంలో ఉంటుంది. బయాప్సీ వల్ల లోపల చేరిన రక్తం స్కాన్‌ను తికమక పెడుతుందని చాలామంది డాక్టర్లు ఆరు నుంచి ఎనిమిది వారాలు ఆగమంటారు. ఎప్పుడు తీయాలో మీ డాక్టరే చెప్పాలి. ఆయన చెప్పాక అడ్మిషన్ తేదీ నుంచి వెనక్కి లెక్కపెట్టి చూడండి. గడువు 30 రోజులై, స్కాన్ 35 రోజుల ముందు అయితే ఆ బిల్లు మీ జేబులోంచే. ఒరిజినల్ బిల్లు, డాక్టర్ రాసిన చీటీ దాచండి. ‘ఒక్కరోజు అడ్మిట్ చేసి స్కాన్‌ను ఇన్సూరెన్స్‌లో పెడదాం’ అని ఎవరన్నా ఒప్పుకోకండి. కేవలం పరీక్షల కోసం చేరితే క్లెయిమ్ రాదు, పైగా అసలు సర్జరీ క్లెయిమ్ మీద అనుమానం పడుతుంది.

రోబోటిక్ సర్జరీకి కొన్ని పాలసీల్లో ఇంతవరకే అని పరిమితి ఉంటుంది. మీ దాంట్లో ఎంతో ఇన్సూరెన్స్ కంపెనీని మెయిల్‌లో అడిగి రాతపూర్వకంగా తెప్పించుకోండి. ఓపీలో వేసే హార్మోన్ ఇంజెక్షన్ల సంగతి, అదే ఏడాది రేడియేషన్ కావాల్సి వస్తే సర్జరీకి వాడేసిన 5 లక్షల కవర్ మళ్లీ నిండుతుందా అన్నది కూడా అందులోనే అడగండి.

ఇక ఆ 15 లక్షలు ఇప్పుడు ముట్టుకోకండి. ఏడాది దాటి రెండేళ్ల లోపు ఖాతా మూసేస్తే అసలులో 1.5 శాతం కోస్తారు. అంటే 22,500 రూపాయలు, దాదాపు రెండు ఎంఆర్ఐల ఖర్చు. కొంత మాత్రమే తీసుకునే వీలు ఆ ఖాతాలో లేదు. 8.2 శాతం మీద మూడు నెలలకోసారి వచ్చే 30,750 రూపాయలు కూడా ఆగిపోతాయి. ముందు మీ సేవింగ్స్‌లోంచో, ఎఫ్‌డీలోంచో లక్షన్నర సర్దుకోండి. పాలసీ కట్టని చిన్నాచితకా ఖర్చులకు, రానుపోను, హైదరాబాద్‌లో ఉండటానికి అది కావాలి.

నాన్నగారు మీ మీద ఆధారపడి ఉండి, మీరు పాత పన్ను విధానంలో ఉంటే క్యాన్సర్ చికిత్స ఖర్చుకు మినహాయింపు ఉంది. సీనియర్ సిటిజన్‌కు లక్ష రూపాయల దాకా. ఇన్సూరెన్స్ ఇచ్చినంత అందులోంచి తగ్గిస్తారు, స్పెషలిస్ట్ రాసిన ప్రిస్క్రిప్షన్ కావాలి.

ఎంఆర్ఐ రిపోర్టు చూసి డాక్టర్ ఏమన్నారో రాసి పంపండి. రేడియేషన్ కూడా ఉంటుందంటే ఆ 15 లక్షల గురించి అప్పుడు మళ్లీ లెక్క వేద్దాం.