కొమురయ్య పోయినప్పుడు నాకూ ఏడుపు రాలేదు

'బలగం' సినిమాలో కొమురయ్య చనిపోయే సీన్ చూస్తే నాకేమీ అనిపించలేదు, అందరూ ఏడ్చామంటున్నారు, అసలు ఆ సీన్ పండిందా, లేక లోపం నాలోనే ఉందా అని మీరు అడిగారు. పండింది. మీలో లోపమేమీ లేదు. ఆ సీన్ దగ్గర నాకూ కన్నీళ్ళు రాలేదు. మనల్ని ఏడిపించకుండా తీశారు కాబట్టే అది అంత బాగా పండిందని నేను గట్టిగా నమ్ముతాను. ఎందుకో చెప్పాలంటే మా తాత సంగతి చెప్పాలి.

సినిమా చూడనివాళ్ళ కోసం ముందు రెండు ముక్కలు. వేణు యెల్దండి దర్శకత్వంలో 2023 మార్చిలో వచ్చింది. సిరిసిల్ల వైపు పల్లె కథ. సుధాకర్ రెడ్డి వేసిన కొమురయ్య ఊరంతా తిరుగుతూ అందరినీ పలకరించే ముసలాయన. మనవడు సాయిలు, అంటే ప్రియదర్శి, అప్పుల్లో మునిగి ఉంటాడు. పెళ్ళి కుదిరింది, కట్నం వస్తే అప్పు తీరుతుందని అతని ఆశ. రెండు రోజుల్లో ఎంగేజ్‌మెంట్ అనగా తాత పోతాడు. సాయిలుకు దుఃఖం కంటే ముందు టెన్షన్ పట్టుకుంటుంది. మనం కూడా సాయిలు పాట్లు చూసి నవ్వుతాం. శవం ఇంటి ముందర ఉండగానే నవ్వుతాం.

మాది నల్లగొండ జిల్లా మర్రిగూడ మండలం. ఫ్లోరైడ్ నీళ్ళ గురించి ఎక్కడ రాసినా మా మండలం పేరు వస్తుంది. మా తాత నడుము ఆ నీళ్ళకే వంగిపోయింది. మోకాళ్ళు చాపలేకపోయేవాడు. అయినా కట్టె పట్టుకుని బత్తాయి తోటకు పోయి, ఒక్కో చెట్టు కింద కాసేపు కూర్చుని వచ్చేవాడు.

2016 నవంబర్ 9, బుధవారం. నేను దిల్‌సుఖ్‌నగర్‌లో రూమ్ తీసుకుని గ్రూప్-2కు చదువుతున్నాను. పరీక్ష 11న, 13న. తెల్లవారుజామున నాయిన ఫోన్ చేసి, "తాత పోయిండురా" అన్నాడు. ఇంకో మాట లేదు. పొద్దున చాయ్ ఇద్దామని మా నాయనమ్మ మంచం దగ్గరికి పోయి లేపితే లేవలేదట. ఫోన్ పెట్టేశాక నా మనసులోకి మొట్టమొదట వచ్చింది తాత కాదు. ఎల్లుండి పరీక్ష ఎట్లా అన్నది. ఈ మాట ఏడేళ్ళు ఎవరికీ చెప్పలేదు. నన్ను ఎత్తుకుని తిరిగిన మనిషి పోతే, నేను లెక్కబెట్టింది ఒక రోజు పోతుందా రెండు రోజులు పోతాయా అని.

ఇబ్రహీంపట్నం దాటి మాల్ అనే ఊరి మీదుగా మా ఊరు చేరేసరికి వాకిట్లో టెంట్ వేస్తున్నారు. ముందు రోజు రాత్రే ఐదు వందలు, వెయ్యి నోట్లు చెల్లవని ప్రకటించారు. ఆ రోజు బ్యాంకులు బంద్, ఏటీఎంలు బంద్. టెంట్ అతనికి, డప్పు కొట్టేవాళ్ళకు, కట్టెల ట్రాక్టర్‌కు, అందరికీ వంద నోట్లే కావాలి. మా నాయిన తండ్రి శవాన్ని వాకిట్లో పెట్టుకుని ఇల్లిల్లూ తిరిగి వంద నోట్లు అడిగాడు. ఆడవాళ్ళు ఏడుస్తున్నారు. మా చిన్నత్త అయితే తాత చేసిన పనులన్నీ రాగం తీసి చెబుతూ ఏడ్చింది. మగవాళ్ళకు మాత్రం ఎవరికీ తీరిక లేదు. ఎవరికి ఫోన్ చేశారు, ఎవరు బయలుదేరారు, ఎన్ని కట్టెలు కావాలి, ఇవే మాటలు. పాడె మీద తాతను తిన్నగా పడుకోబెట్టడం కుదరలేదు. వంగిన నడుము చచ్చిపోయాక కూడా వంగే ఉంది. తల కిందకు రెండు బొంతలు మడిచి పెట్టాల్సి వచ్చింది.

దింపుడు కల్లం దగ్గర పాడె దించారు. ప్రాణం ఇంకా ఎక్కడో ఉందేమో, పిలిస్తే పలుకుతాడేమో అని అక్కడ ఆగడం మన ఆచారం. నాయిన వంగి చెవి దగ్గర నోరు పెట్టి "నాయినా" అని మూడుసార్లు పిలిచాడు. మూడోసారి గొంతు రాలేదు. నేను పక్కనే నిలబడ్డాను. నాకు ఏడుపు రాలేదు. ఎండ ఎక్కువగా ఉందని అనిపించింది, అంతే.

మూడో రోజు, అంటే సరిగ్గా 11న, పిట్టకు పెట్టాలి, పోయినవాళ్ళ పేరున వండింది కాకికి పెట్టాలి. నేను ఆగుతానన్నాను. నాయిన ఒప్పుకోలేదు. "పో బిడ్డా, రాసి రా. తాత ఉంటే తనే బస్సెక్కించేటోడు" అన్నాడు. పోయాను, రాశాను. ఉద్యోగం రాలేదు, అది వేరే సంగతి. సాయంత్రం తిరిగి వచ్చేసరికి ఇంట్లో అందరూ తాత సందుగ ముందర కూర్చుని ఉన్నారు. లోపల రెండు ధోతులు, బత్తాయి తూకం చిట్టీలు, పింఛన్ పుస్తకం, అడుగున ఎర్ర తువ్వాలలో ఒక మూట. మూట విప్పితే ఐదు వందల నోట్లు, 23. ఆసరా పింఛన్ నెలకు వెయ్యి రూపాయలు వచ్చేది, అందులోంచి మిగిల్చినవి. "నా సావుకు పోరగాండ్లు అప్పు చేయొద్దని దాసిండు" అని నాయనమ్మ చెప్పింది. పదకొండున్నర వేలు. ఒక్క రోజు ముందు పోయి ఉంటే ఆ నోట్లతోనే ఆయన కర్మ జరిగేది. నోట్లు మడతల మీద మడతలు పడి మెత్తగా బట్టలాగా అయిపోయి ఉన్నాయి. అప్పుడు వచ్చింది నాకు ఏడుపు. ఎంతసేపు ఏడ్చానో తెలియదు. మా నాయనమ్మే వచ్చి నా వీపు నిమిరింది, భర్త పోయిన మనిషి నన్ను ఓదార్చింది.

ఇప్పుడు సినిమాకు వస్తాను. మన సినిమాల్లో ఇష్టమైన పాత్ర చచ్చిపోయే సీన్ ఎట్లా ఉంటుందో మీకు తెలుసు. హీరో ఒళ్ళో తల, ఆగి ఆగి చివరి మాటలు, జారిపోయే చెయ్యి, వెనకాల వయొలిన్. అవి చూసి నేనూ ఏడ్చాను, తక్కువ చేసి మాట్లాడను. కానీ మా ఇంట్లో చావు అట్లా రాలేదు. మీ ఇంట్లో కూడా వచ్చి ఉండదు. చివరి మాట చెప్పే అవకాశం ఎంతమందికి దొరుకుతుంది? కొమురయ్యకు వేణు గారు అది ఇవ్వలేదు. మొదట ఊరంతా తిప్పి ఆయన్ని మనకు దగ్గర చేశారు. ఊరి పొద్దును చూపించే పాట కూడా ఆ మొదటి భాగంలోనే వస్తుంది, రాసిన కాసర్ల శ్యామ్‌కు జాతీయ అవార్డు తెచ్చిన పాట. ఇక ఈయనతోనే కథ నడుస్తుందని మనం కుదురుకునేలోపే ఆయన లేడు. ఆ ఖాళీ మనకు వెంటనే తెలియదు. చావింట్లో కూడా వెంటనే తెలియదు.

తర్వాత పిట్ట. మూడో రోజు పెట్టింది పిట్ట ముట్టదు, అంటే పోయినాయన కోరిక ఏదో తీరలేదని లెక్క. ఎప్పుడో ఒక విందులో నల్లి బొక్క, అంటే మూలుగ ఎముక, దగ్గర మొదలైన పంతం అల్లుడిని ఇరవై ఏళ్ళు అత్తగారింటికి రానివ్వలేదు, అది మళ్ళీ రాజుకుంటుంది. ముసలాయన ఏం కోరుకున్నాడో ఒక్కొక్కటిగా బయటపడుతుంది. అంటే చచ్చిపోయాకే ఆయన మనకు పూర్తిగా అర్థమవుతాడు. పదకొండో రోజు మొగిలయ్య, కొమురమ్మ దంపతులు పాడేసరికి, మొదటి సీన్‌లో మనం బాకీ పడ్డ ఏడుపంతా ఒక్కసారి వస్తుంది. వాళ్ళు సినిమా కోసం తయారైన గాయకులు కాదు, ఇట్లా పాడటమే వాళ్ళ కులవృత్తి. మొగిలయ్య గారు 2024 డిసెంబర్‌లో కన్నుమూశారు. ఆయన గొంతు ఇప్పుడు వింటే ఇంకో రకంగా గుచ్చుకుంటుంది.

పాట ఏడిపించింది కానీ చావు సీన్ కాదు కదా అని మీరు అనవచ్చు. నేను రెండింటినీ విడదీయలేను. మొదట్లోనే మనతో ఏడిపించేసి ఉంటే, చివర్లో ఆ పాట మామూలు పాటలా వినిపించేది. ఇక నాకు నచ్చని సంగతి ఒకటుంది. ఇరవై ఏళ్ళ పంతం ఒక్క పాటతో కరిగిపోవడం తొందరగా జరిగినట్టు అనిపిస్తుంది. మా అత్తలు, నాయిన మధ్య తోట పంపకం గొడవ తాత పదకొండో రోజున కూడా తెగలేదు. కానీ అది చివరి సీన్ లోపం, చావు సీన్‌ది కాదు.

సినిమా వచ్చిన ఏడాది ఊరూరా తెర కట్టి వేశారు కదా, మా ఊళ్ళో పంచాయతీ ఆఫీసు ముందర వేశారు. చాపల మీద కూర్చున్నాం, నాయిన నా పక్కన. కొమురయ్య పోయినప్పుడు జనం సాయిలును చూసి నవ్వుతున్నారు. నేను నవ్వలేకపోయాను. ఎంగేజ్‌మెంట్ కోసం సాయిలు పడే ఆరాటంలో నన్ను నేను చూసుకున్నాను. నాకు ఆ సీన్ చేసిన పని అదీ. ఏడిపించలేదు, తల దించుకునేలా చేసింది. చివరి పాట వచ్చేసరికి అంతమందిలో ఒక్కరు మాట్లాడితే ఒట్టు. నాయిన తువ్వాల మొహానికి అడ్డం పెట్టుకున్నాడు.

ఇంటికి నడుస్తూ, ఆ రోజు ఫోన్ పెట్టేశాక నాకు ముందు పరీక్షే గుర్తొచ్చిందని మొదటిసారి నాయినతో చెప్పాను. ఆయన కొంచెం దూరం ఏమీ అనలేదు. తర్వాత, "నేను మాత్రం ఏడ్సిన్నా? ఊరంత తిరిగి వంద నోట్లు జమ చేసిన" అన్నాడు. ఇంకా కొంచెం దూరం పోయాక, "ఒక నోటు బ్యాంకుల కట్టలే. నా దగ్గర్నే పెట్టుకున్న" అన్నాడు.

మీరు వీలైతే సినిమా ఇంకోసారి చూడండి. ఈసారి కొమురయ్య కోసం ఏడుపు వస్తుందా అని ఎదురుచూడకుండా, ఆయన పోయిన దగ్గర్నుంచి సాయిలు మొహాన్నే చూడండి. ఇంట్లో పెద్దవాళ్ళు ఎవరైనా పక్కన ఉంటే ఇంకా మంచిది.